ముగ్గేసిన మోరీ

నల్లా ఎప్పుడొస్తుందో తెలియని బతుకులో కూడా ఒక కులాసా ఉండేదని ఇప్పుడు నేనంటే మా అమ్మ చీపురు తిరగేస్తుంది. కానీ ఉండేది. ఆ రోజుల్లో మా గల్లీ వాళ్ళు ఏ పని చేస్తున్నా ఒక చెవిని నల్లాకు అప్పజెప్పి ఉంచేవాళ్ళు. పూజలో ఉన్నా, పోట్లాటలో ఉన్నా, చివరికి ఎవరింటికో పలకరింపుకు పోయి కళ్ళు ఒత్తుకుంటున్నా, నల్లాలోంచి సుయ్‌మని గాలి చప్పుడు వినిపించిందంటే చాలు, కొంగు నడుముకు దోపి బిందె అందుకుని పరుగు తీయాల్సిందే. దేవుడూ, పోయినవాళ్ళూ కాసేపు ఆగేవాళ్ళు. నల్లా ఆగేది కాదు. (పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమ మన రాయచూరు అని బడిలో మా సారు ఎంత గర్వంగా చెప్పేవాడో! మేము మా ఖాళీ నీళ్ళ సీసాల వంక చూసుకునేవాళ్ళం.)

మాది గుట్ట కింద, పట్టాలు లేని ఇళ్ళ గల్లీ. నాయన గంజ్‌లో హమాలీ. అవ్వ, అంటే నాయన తల్లి, ఆ గల్లీకి ఎవరూ ఎన్నుకోని సర్పంచి. గల్లీ మొత్తానికి ఒకే నల్లా, దాని పక్కనే మోరీ. నల్లా పైపు ఆ మోరీలోంచే వచ్చేది. పైపుకు ఎక్కడో చిల్లు పడింది. దాంతో మేము పట్టుకునే నీళ్ళకు మోరీ వాసన అంటుకుంది. కాచేవాళ్ళం, వడపోసేవాళ్ళం, అవ్వ చెప్పిందని పటిక కూడా తిప్పేవాళ్ళం. వాసన మాత్రం మా ఇంటి మనిషిలా మాతోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకు మాకు తెలియడం కూడా మానేసింది.

అది మళ్ళీ తెలిసింది అక్క అత్తగారి వల్ల. అక్కను హట్టికి ఇచ్చాము. బావ అక్కడ గనిలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. (అల్లుడు బంగారం తవ్వుతాడని మా అవ్వ కనిపించినవాళ్ళందరికీ చెప్పేది, అదేదో సాయంత్రం జేబులో వేసుకుని వస్తాడన్నట్టు.) అక్కకు తొలి కాన్పు. నెలలు నిండుతున్నాయని అత్తగారే తెచ్చి మా ఇంట్లో దింపింది. అమ్మ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. ఆమె దాన్ని నోటిదాకా తీసుకుపోయి, ఆగి, మెల్లగా కింద పెట్టింది.

"వదినా, ఏమనుకోకు. పుట్టే బిడ్డకు గీ నీళ్ళే పోస్తరా?"

"మరుగబెడ్తం గద వదినా," అంది అమ్మ.

"మరుగబెడ్తె వాసన యాడికి పోతది? ఇంకో నెలకు మళ్ల వస్త. అప్పటికి నీళ్ళు మంచిగైతె సరే. లేకుంటె పిల్లను తోల్కపోత. కాన్పు హట్టిలనే చేసుకుంటం. మా క్వార్టర్ల నీళ్ళు మంచిగుంటయి."

ఆమె ఎగతాళిగా అనలేదు. అందుకే అమ్మకు ఇంకా ఎక్కువ తగిలింది. తొలి కాన్పు పుట్టింట్లో చేయలేకపోవడం కంటే పెద్ద అవమానం అమ్మకు తెలియదు. ఆ రాత్రి అన్నం దగ్గర నాయన ఏదో అనబోతే, "నువ్వు మాట్లాడకు" అంది. పాపం నాయన ఉప్పు అడగబోయాడు అంతే.

సరిగ్గా అప్పుడే నేను మహా నాయకురాలిని అయ్యాను. ఒక సంస్థ వాళ్ళు మాలాంటి గల్లీలు తిరిగి, చదువుకుని ఇంట్లో ఊరికే కూర్చున్న పిల్లల కోసం వెతుకుతున్నారు. ఆ అర్హత నాకు పుష్కలంగా ఉంది. ఒక రోజంతా కూర్చోబెట్టి నేర్పించారు: గల్లీలో నల్లా, మోరీ, దీపం, చెత్త, ఏది చెడిపోయినా ఫోన్‌తో ఫొటో తీసి పంపాలి. అది నేరుగా మునిసిపల్ ఆఫీసుకు చేరుతుంది. ఆఫీసు వాళ్ళు చూసి బాగు చేయిస్తారు. బాగయ్యాక మన ఫోన్‌లో ఆకుపచ్చ గుర్తు పడుతుంది. మెడలో వేసుకోవడానికి నీలం పట్టీతో ఒక కార్డు కూడా ఇచ్చారు. ఆ కార్డును నేను నల్లా దగ్గరికీ వేసుకుపోయాను, కిరాణా కొట్టుకూ వేసుకుపోయాను. పడుకునేటప్పుడు తీసేదాన్ని కానీ తలగడ పక్కనే పెట్టుకునేదాన్ని. గల్లీలో నాకు 'కంప్లేంటు' అని పేరు పడిపోయింది. "ఏమే కంప్లేంటూ, చెక్కెర ఉంటె జర ఇయ్యమను మీ అమ్మను" అనేవాళ్ళు. నేను అది పదవి అనుకునేదాన్ని.

నా మొదటి ఫిర్యాదు ఆ మోరీ మీదే. అమ్మకు మాట కూడా ఇచ్చాను. "నువ్వు ఏం రంధి పెట్టుకోకమ్మా. ఒక్క ఫొటో తీస్త. వారంల పైపు మారుతది" అన్నాను. అమ్మ నా కార్డు వంక చూసింది. ఆమె కళ్ళల్లో ఆశ కనిపించింది. నా జన్మలో నన్ను చూసి ఆమె అంతగా ఆశపడటం అదే మొదటిసారి.

అక్కడే ఒక తప్పు జరిగిపోయింది. రేపు పొద్దున మోరీ ఫొటో తీసి ఆఫీసుకు పంపుతున్నానని గల్లీలో ముందే చెప్పాను. పొద్దున ఫోన్ పట్టుకుని పోయేసరికి మోరీ లేదు. అంటే మోరీ ఉంది, నేనెరిగిన మోరీ లేదు. చెత్త మొత్తం తీసేశారు. గట్లు రెండూ కడిగారు. పక్కన నేల మీద పేడనీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి పద్మం ముగ్గు వేశారు. ముగ్గు నడుమ ముక్కుపుడకతో, పెట్టెలోంచి తీసిన ఇల్కల్ చీరతో మా అవ్వ నిలబడి ఉంది.

"అవ్వా! ఇదేంది? గలీజు ఉన్నట్టే తియ్యాలె!"

"గలీజు తీస్తరానె ఎవలన్న?" అవ్వ నన్నే వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "సుట్టమొస్తున్నడంటె ఇల్లు ఊడ్వమా? గా ఆఫీసోళ్ళు మన గల్లీని మొదటిసారి చూస్తున్నరు. ఏమనుకుంటరు? తియ్, నా కాళ్ళు గూడ రావాలె."

ఎదురింటి అత్త అయితే ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆమెను గల్లీలో 'ఫైరింజన్ అత్త' అనేవాళ్ళు. ఎక్కడ గొడవ అంటుకున్నా ముందు ఆమే చేరేది, కాకపోతే ఆర్పేది కాదు. "మా ఇంటి ముంగటి మోరి ఊరంత చూడాల్నా? మా చిన్నోనికి సంబంధాలు చూస్తున్నం" అని రాత్రే తన వంతు మోరీని కొడుకుతో కడిగించింది.

ఇంతమంది తయారై నిలబడ్డాక తీయకుండా ఎలా ఉంటాను? తీశాను. ఎండ వీపు వెనక ఉండటంతో నా నీడ కూడా ఫొటోలో ముగ్గు మీద పడింది. (నాకు ఆ విద్య ఎప్పటికీ రాలేదు. నేను తీసిన ఫొటోలన్నిటిలోనూ కింద నా నీడ ఉండేది, దాని మెడలో పట్టీ వేలాడుతూ ఉండేది.) పంపాను. మర్నాడే ఆకుపచ్చ గుర్తు పడింది. 'మీ సమస్య పరిష్కరించబడింది' అని కన్నడంలో ఒక ముక్క కూడా వచ్చింది. గల్లీ అంతా ఆ ఆకుపచ్చ గుర్తును చూసి సంతోషించింది. అవ్వ నాకు దిష్టి తీసింది. నీళ్ళు మాత్రం అలాగే కంపు కొట్టాయి.

ఈసారి మోరీని వదిలేసి నీళ్ళనే ఫొటో తీద్దామనుకున్నాను. సీసాలో పట్టి, తెల్ల గోడ ముందు పెట్టి తీశాను. ఫొటోలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చెప్పలేను, నాకే దాహం వేసింది. 'నీరు శుభ్రంగా కనిపిస్తోంది' అని జవాబు, మళ్ళీ ఆకుపచ్చ గుర్తు. వాసన ఫొటోలో పడదన్న సంగతి డిగ్రీ చదివిన నాకు అప్పటిదాకా తట్టనే లేదు. మూడోసారి ఎవరికీ చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ దొంగలా పోయాను. ఫోన్ ఎత్తానో లేదో ఫైరింజన్ అత్త గడపలోంచి కేక పెట్టింది. "ఓ కంప్లేంటూ! ఆగు ఆగు, జర చీపురు కొట్టనియ్!" ఆ కేకకు గల్లీ మొత్తం లేచింది. మళ్ళీ కడుగుడు, మళ్ళీ ముగ్గు. ఈసారి తామర పువ్వులు.

అవతల రోజులు దగ్గర పడుతున్నాయి. అక్క అడుగులు బరువయ్యాయి. అమ్మ ఎవరికీ కనిపించకుండా దండెం మీది చీరలు సర్దుతున్నట్టు నటిస్తూ అక్క పెట్టె సర్దడం ఒకరోజు చూశాను. కార్డు తీసి గూట్లో పెట్టాను. మెడ తేలికైంది గానీ గుండె తేలిక కాలేదు. ఆ కోపంతోనే సంస్థ ఆఫీసుకు పోయి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, గొంతు పెంచి, ఫొటోలు వద్దు మనిషిని పంపండి అని కూర్చున్నాను. వాళ్ళు ఎవరెవరికో ఫోన్లు చేశారు. చివరికి నీళ్ళ ఆఫీసు ఇంజనీరు సారు స్వయంగా వచ్చి చూస్తాడని చెప్పారు.

ఈ మాట గల్లీలో చెప్పకుండా దాచుకుని ఉంటే నేను తెలివైనదాన్ని అయ్యేదాన్ని. చెప్పాను. అవ్వ ఆ నిమిషమే సర్పంచి అయిపోయింది.

ఆ ఏర్పాట్లు పెళ్ళికి చేయలేదు మేము. మోరీ గట్లకు సున్నం కొట్టారు. ఫైరింజన్ అత్త ఇంటి నుంచి కుర్చీ, మా ఇంటి నుంచి దుప్పటి వచ్చాయి. తినడానికి తాలింపు పెట్టిన మరమరాల ఒగ్గరణె, మిరపకాయ బజ్జీలు. ఇక నీళ్ళు. ఇంత దూరం వచ్చిన మనిషికి మన నల్లా నీళ్ళు ఎలా ఇస్తాం, అతను మూతి ముడిస్తే పరువు ఏం కావాలి అని అవ్వ. అమ్మ తెల్లారకముందే రైలు గేటు అవతలి కాలనీకి పోయి, అక్కడ బోరు ఉన్న ఇంటివాళ్ళను బతిమాలి ఒక బిందె తెచ్చింది. కొత్త కుండలో పోసి, తడిగుడ్డ చుట్టి, పైన రాగి చెంబు బోర్లించింది. నేను మొత్తుకున్నాను.

"అమ్మా, నీళ్ళు బాగలేవని చూయించనీకి పిలిస్తె, మంచినీళ్ళు తాగిపిస్తవా?"

"తాగనీకి ఒకటి, చూడనీకి ఒకటి," అంది అమ్మ. నీకు పద్ధతి ఎప్పుడు తెలుస్తుందన్నట్టు చూసింది.

సారు వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, వెనకాల పైపుల పనివాడు ఒకడు. కన్నడం మాట్లాడే మనిషి. "బర్రి సర, కూడ్రి", రండి కూర్చోండి అని గల్లీకి గల్లీ లేచి నిలబడింది. సారు మొహమాటపడుతూనే కూర్చున్నాడు. మే నెల రాయచూరు ఎండ, గుట్ట రాళ్ళు సెగలు కక్కుతున్నాయి. రాగి చెంబులో చల్లటి నీళ్ళు అందాయి. గటగటా తాగి, ఇంకో చెంబు అడిగి, అదీ తాగి, మూతి తుడుచుకుని, హాయిగా "నీరు ఛలో అదావల్లరీ!" అన్నాడు. నీళ్ళు బాగున్నాయి కదా అని.

గల్లీ అంతా చిన్న నవ్వు నవ్వి ఊరుకుంది. ఎవరు నోరు విప్పుతారు? విప్పితే పక్క కాలనీలో అడుక్కొచ్చామని చెప్పాలి. నేను చెప్పబోయాను. అవ్వ నా మోచేతి వెనక మెత్తటి చోట గిల్లింది. (ఆ గిల్లుడు ఎరిగినవాళ్ళకు తెలుసు, మనిషికి మాట పడిపోతుంది.) సారు బజ్జీ కొరుకుతూ ముగ్గు చూశాడు, సున్నం గట్లు చూశాడు. ఈ గల్లీ అంత శుభ్రమైన గల్లీ ఊళ్ళో లేదని మెచ్చుకున్నాడు. నేను అమ్మ వంక చూశాను. ఆమె గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. తను తెచ్చిన నీళ్ళే తన కూతురిని హట్టికి పంపేస్తున్నాయని ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది. ఫోన్ తీసి సారు ఏదో నొక్కబోతున్నాడు. అది ఆకుపచ్చ గుర్తేనని నాకు తెలుసు.

అప్పుడు వచ్చింది నల్లా.

సుయ్‌మంది. అంతే. మర్యాదలు, పరువు, సారు, అన్నీ గాలికి పోయాయి. దుప్పటి తొక్కుకుంటూ ఆడవాళ్ళంతా ఇళ్ళల్లోకి ఒకటే పరుగు. బిందెలు బయటికి వచ్చాయి. విసనకర్రతో సారుకు విసురుతున్న ఫైరింజన్ అత్త ఆ విసనకర్రను సారు ఒళ్ళోనే పడేసి పోయింది. మా అవ్వ అయితే సారు ముందున్న చెంబునే ఎత్తుకుపోయింది. నల్లా దగ్గర "నా బిందె ముందుండె!" "నీ బిందెకు కాళ్ళున్నయా, నడిచొచ్చిందా?" అని మా రోజువారీ పురాణం మొదలైంది. నేనూ పరుగెత్తాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నా చేతిలోనూ బిందె ఉంది.

కుర్చీలో సారు ఒక్కడే మిగిలాడు. ఒక చేతిలో కొరికిన మిరపకాయ, ఇంకో చేతిలో ఇంకా ఏదీ నొక్కని ఫోన్, ఒళ్ళో విసనకర్ర. ఇంత జనం ఒక్కసారిగా మాయమైతే ఏమైందో తెలియక, కళ్ళద్దాలు తీసి కన్ను నులుముకున్నాడు. మిరపకాయ పట్టుకున్న చేత్తోనే. ఆ తర్వాత ఆయన కేకకు నల్లా దగ్గరి పోట్లాట ఆగింది. "నీర కొడ్రీ, నీర!" అంటూ మూసిన కళ్ళతో తడుముకుంటూ నల్లా దాకా వచ్చాడు. బిందెలు దారి ఇచ్చాయి. ఆపే తీరిక, ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయాయి. రెండు దోసిళ్ళు పట్టి ముఖాన కొట్టుకున్నాడు. మూడో దోసిలి ముక్కు దగ్గరే ఆగిపోయింది.

మెల్లగా కళ్ళు తెరిచాడు. చేతులు వాసన చూశాడు. నల్లాను చూశాడు. మళ్ళీ చేతులు వాసన చూశాడు. ఈసారి కన్నడం మరిచిపోయి, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"ఇది... ఏం నీళ్ళు ఇది?"

అవ్వ కొత్తకుండ నీళ్ళు చెంబులో పట్టుకుని సబ్బుతో పరుగెత్తుకొచ్చింది. "అయ్యో సారు, దీంతో కడుక్కోరి, ఇవి మంచివి" అంది. అమ్మ ఆ చెంబును మెల్లగా పక్కకు జరిపింది.

"సారు, మీరు తాగినయి మావి గావు. గేటు అవతల అడిగి తెచ్చిన. ఇవి మావి. రోజూ ఇవే తాగుతం, వీటితోనే వండుకుంటం." అమ్మ మా గడప వైపు చెయ్యి చూపించింది. "లోపల నా బిడ్డ నిండు నెలలతో ఉంది. పుట్టే పసిగుడ్డుకు మొదటి నీళ్ళు ఇవే పోయాల్నా చెప్పుండ్రి."

సారు గడ్డం మీద నుంచి ఆ నీళ్ళు ఇంకా కారుతున్నాయి. తుడుచుకోవాలా వద్దా అని రుమాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పనివాడిని పిలిచి, సున్నం గట్ల మీద నిలబడి, "ఇల్లి అగిరి" అన్నాడు, ఇక్కడ తవ్వమని. ఆ సాయంత్రమే మా తామర పువ్వుల ముగ్గు మీద గడ్డపార పడింది. గల్లీలో ఒక్కరు కూడా అయ్యో అనలేదు.

పైపు వెంటనే మారిందని చెబితే అబద్ధం అవుతుంది. గుంత తవ్వి వదిలేశారు. (ఆ గుంత మీద నేను ఇంకో ఫిర్యాదు పెట్టాను. ఫొటో తీసే ముందు ఆడవాళ్ళు గుంత చుట్టూ కూడా ముగ్గు వేశారు.) ఆ సారే రెండుమూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఏం పెట్టినా తినేవాడు గానీ బజ్జీలు ముట్టేవాడు కాదు. చివరికి, అత్తగారు చెప్పిన నెలకు ఇంకా రెండు రోజులుందనగా, మోరీకి దూరంగా, గోడ వారగా కొత్త పైపు వేయించాడు.

హట్టి అత్తగారు అన్నట్టే వచ్చింది. అమ్మ గ్లాసు ఇచ్చి పక్కనే నిలబడింది. ఆమె వాసన చూసింది, ఒక గుక్క తాగింది, ఆగింది, మొత్తం తాగేసింది. "మా హట్టి నీళ్ళంత లేవు గాని... ఉండనీ వదినా, కాన్పు ఈడనే కానీ" అంది. అమ్మ "కూర్చో వదినా, చాయ్ పెట్టొస్త" అని వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. నేను పోయి చూస్తే పొయ్యి వెలిగించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నన్ను చూసి, "పో, నీ కార్డు యాడ వెట్టినవ్? ఏస్కో" అంది.

ఆ కాన్పులో పుట్టిన పిల్ల ఇప్పుడు హైస్కూల్లో ఉంది. గంట సేపు స్నానం చేస్తుంది, ఎవరెంత అరిచినా నల్లా కట్టేయదు. అరవడానికి అమ్మ నోరు తెరుస్తుంది, మళ్ళీ ఏం గుర్తొస్తుందో మూసుకుంటుంది.

నేనిప్పుడు వేరే ఊళ్ళో, ఫిర్యాదులు వచ్చి చేరే గదిలో ఉద్యోగం చేస్తున్నాను. అంటే ఆకుపచ్చ గుర్తు పెట్టే వైపుకు వచ్చాను. చల్లటి గది, తిరిగే కుర్చీ, మెడలో మళ్ళీ ఒక కార్డు. మొన్న మధ్యాహ్నం పక్క సీటు అమ్మాయి తన తెర నా వైపు తిప్పి నవ్వింది. "చూడండి మేడమ్, మోరీ పొంగుతోందని పెట్టారు. అద్దంలా ఉంది. పనిలేక పంపుతారు. మూసేయనా?"

చూశాను. కడిగిన గట్లు. పక్కన ఇంకా తడి ఆరని ముగ్గు, చుక్కలు కూడా తప్పలేదు. ఓ మూల పట్టుచీర అంచు, రెండు ముసలి పాదాలు. ఫొటో కింద నేల మీద ఫోన్ పట్టుకున్న ఒక ఆడపిల్ల నీడ ఉంది. దాని మెడలోంచి ఒక పట్టీ వేలాడుతోంది.

"మూయకు," అన్నాను. "మనిషిని పంపు. వాళ్ళు ఏం పెట్టినా తినమను, ఏం ఇచ్చినా తాగమను. చేతులు మాత్రం నల్లా దగ్గరే కడుక్కోమను."

ఆ అమ్మాయికి ఏం అర్థం కాలేదు. నేను ఆ నీడను ఇంకాసేపు చూస్తూ కూర్చున్నాను. పిచ్చిపిల్ల, ఎండకు వీపు పెట్టి నిలబడకూడదని దానికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.